అన్నశాల పటంలో ఎనభై అయిదో మనిషి

గద్దల లోయ మీది తాళ్ల వంతెన తెగి పింగళుడు లోయలోకి జారిపోయాడని కళ్లు ఒత్తుకున్నవాళ్లు ఇక ఒత్తుకోనక్కర్లేదు. అతడు చావలేదు. తెగిన తాడు కొసను వదలకుండా పట్టుకుని, గంట నాలుకలా ఊగి, అవతలి కొండకు ధన్‌మని కొట్టుకున్నాడు. మోకాళ్లు రెండూ దోక్కుపోయాయి గాని వీపున కట్టుకున్న రంగుల సంచి చెక్కుచెదరలేదు. చిత్రకారుడికి అంతకన్న ఏం కావాలి? ఆ తాడుకు ఒక దణ్ణం, దాన్ని పేనిన పుణ్యాత్ముడెవరో అతడికి మరో దణ్ణం పెట్టి, కొండ ఎగబాకి, పొద్దు బారెడు ఎక్కేసరికి మాంత్రికుడు కాలజంఘుడి కోట ముందు నిలబడ్డాడు.

నిలబడ్డది పాతికేళ్ల పింగళుడని ఎవరూ అనుకోరు. మేక వెంట్రుకలతో చేసిన తెల్లగడ్డం, వంగిన నడుము, చేతిలో ఊతకర్ర. శంఖద్వీపం నుంచి వచ్చిన వృద్ధ చిత్రకారుణ్ణని అతడు చెప్పగానే తలుపులు బార్లా తెరుచుకున్నాయి. చిత్రకారుడు కావాలని కాలజంఘుడు నాలుగు దిక్కులా చాటింపు వేయించి అప్పటికి నెల అయింది మరి.

ఎందుకు వేయించాడంటే, అదంతా తాను తీసిన గోతిలో తానే పడ్డ కథ. ఏడు నెలల కిందట ఈ కాలజంఘుడు యోగి వేషంలో రత్నసానుపురం రాజుగారి కొలువుకు వచ్చాడు. రాజూ మంత్రులూ పోటీపడి కాళ్ల మీద పడ్డారు. చిత్రశాలలో రంగులు నూరే కేతకమ్మ మాత్రం అతణ్ణి ఎగాదిగా చూసి, "స్వామీ, మీరు పూసుకున్నది విభూతి కాదు, సఫేదా. చెమటకి కారిపోతోంది, తుడుచుకోండి" అంది. నలభై ఏళ్లుగా తెల్లరంగు నూరిన మనిషి ఆవిడ, ఆవిడ కళ్లలో దుమ్ము కొట్టడం ఎవరి తరం? కారిపోయిన రంగు వెనక మాంత్రికుడి అసలు ముఖం ఆమె కంటపడింది. ఆ ముఖం చూసిన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నంత కాలం అతడి మారువేషాలు పారవు. చంపేస్తే ఆ చూపు అలాగే నిలిచిపోయి ఇంక ఎప్పటికీ పారవు. అందుకని ఆమెను చిత్రశాల గోడకున్న పెద్ద పటంలోకి విసిరేసి, పటాన్ని చాపలా చుట్టి చంకన పెట్టుకుని మాయమైపోయాడు.

వాగు ఒడ్డున ఏడుస్తూ దొరికిన పసివాడు పింగళుణ్ణి పెంచి పెద్దచేసింది ఈ కేతకమ్మే. పిలవడానికి పిన్ని, పెంపకానికి తల్లి. అన్నం తినడమూ, అవిసె నూనెలో రంగు కలపడమూ ఒకే చేత్తో నేర్పిన మనిషి. ఆమె లేని ఇంట్లో పింగళుడికి ఈ ఏడు నెలలూ ముద్ద దిగలేదు. కొండలు, లోయలు, రాక్షసులు అన్నీ దాటి వచ్చింది ఆమె కోసమే.

కాలజంఘుడు అతణ్ణి నేరుగా సభామండపంలోకి తీసుకుపోయాడు. తూర్పు గోడకు ఆ పాతపటం వేలాడుతోంది. పడమటి గోడకు అంతే పొడవూ వెడల్పూ ఉన్న ఖాళీ గుడ్డ బిగించి ఉంది.

"ఏమోయ్ ముసలాడా," అన్నాడు మాంత్రికుడు, "ఈ పటంలో పాతకాలపు చిత్రకారుడు తామ్రపాదుడు వేసినవాళ్లు ఎనభైనలుగురు. నేను పడేసిన బందీ ఎనభై అయిదోది. ఈ కోట చెమ్మకి పటం పొట్టు రాలిపోతోంది. అది పాడైందా, బందీ బయటపడుతుంది. కాబట్టి ఆ గుడ్డ మీద ఇలాంటిదే ఇంకోటి వెయ్యి, బందీని అందులోకి మారుస్తాను."

"బందీ ఎవరో సెలవిస్తే..."

"తెలిస్తే నీతో పనేముంది? పటం ఆమెకి ఏ రూపం ఇచ్చిందో మంత్రం వేసిన నాకే తెలీదు. పాతవాడి చెయ్యి ఏదో, కానిదేదో నకలు తీసేవాడికే తెలుస్తుంది. కనిపెట్టు. ఎవరికీ కళ్లు మాత్రం తీర్చకు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం నా అంజనంతో బందీకి నేనే కళ్లు తీరుస్తాను. కళ్లు తీర్చి ముందుగా పిలిచినవాడి మాటకి బందీ కట్టుబడుతుంది. 'ఇక్కడే ఉండిపో' అంటాను. నూనె ఆరిందా, ఇక ఆచంద్రార్కం అందులోనే!"

పింగళుడు ముసలివాడిలా దగ్గి సర్దుకుని పటం వైపు తిరిగాడు. తిరిగి, ఒక్క క్షణం తాను ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

ఏమి పటమది! నూట పాతికేళ్ల కిందట ఏడేళ్ల కరవు వచ్చినప్పుడు రత్నసానుపురం రాజు తన అన్నశాల తలుపులు జనానికి తెరిపించాడు. ఆ బంతిలో కూర్చుని ప్రాణం నిలుపుకున్నవాళ్లలో రంగులు నూరే కుర్రవాడొకడు తరవాత తామ్రపాదాచార్యుడై, తిన్న అన్నాన్ని మరవలేక ఆ బంతినే పటంగా వేశాడు. చందనపు స్తంభాల నడుమ నాలుగు వరసల అరిటాకులు. ఎడమ పక్క కొండంత పొయ్యి, దాని ఎర్రని వెలుగులో పసుపుపచ్చగా మెరిసే గుండిగలు. పొగలు కక్కే పప్పు, నేతి గిన్నెతో పరిగెత్తే వడ్డనవాడు, అతడి కాళ్లకు అడ్డంపడే పిల్ల, పిల్లను కసిరే తల్లి, తల్లిని కసిరే అత్త. సిపాయి పక్కన సన్నాసి, సన్నాసి పక్కన సానివీధి నర్తకి, ఆమె ఆకులోని అప్పడం మీద కన్నేసిన పంతులు. ఎనభై నాలుగు ఆకళ్లు ఒక్కచోట కూర్చుని తీరుతున్న సంబరం! గోడకు వేలాడే పటంలోంచి ఇంగువ వాసన వస్తుందేమోనని ఎవరికైనా ముక్కుపుటాలు ఎగరేయాలనిపిస్తుంది.

కాపలాకు కూర్చోబెట్టిన బకదంతుడికి నిజంగానే అలా అనిపించింది. తాటిచెట్టంత మనిషి, భుజాన ఇనపగద. పటం ఎదురుగా చతికిలబడి లొట్టలు వేస్తూ, "తాతా, ఆ గుమ్మడికాయ పులుసు ముందుగా వెయ్యవా?" అని మొదలుపెట్టాడు.

పింగళుడు పని మొదలుపెట్టాడు. పలచని కాగితాలు పటం మీద పరిచి గీతలు దింపుకుని, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కొత్తగుడ్డ మీద పెట్టి బొగ్గుపొడి మూట తట్టాడు. ఒక్క పూటలో అన్నశాలంతా నల్లచుక్కలుగా దిగింది. ఒక్కొక్కరికి రంగు పెట్టేముందు చిత్రకారుల ఆచారం ప్రకారం ఆ మనిషికి చేతులు జోడించి, "నీ రూపం నా చేతికి దయచెయ్యి" అన్నాడు. పంతులికీ పెట్టాడు దణ్ణం, నర్తకికీ పెట్టాడు. కాళ్లకు అడ్డంపడే పిల్లకైతే రెండు పెట్టాడు, ఎందుకంటే అది కదలకుండా నిలబడేలా లేదు.

నూనెరంగు అసలు చిక్కు ఆరడంలో ఉంది. అడుగుపూత పలచగా కర్పూరతైలంతో, పైపూత చిక్కగా అవిసె నూనెతో వెయ్యాలి. "ముందు గంజి పొయ్యి, తరవాత మీగడ పెట్టు. తిరగెయ్యకు, పగిలిపోతుంది" అని కేతకమ్మ వందసార్లు చెప్పింది. అయితే ఆ పూతలు ఆరాలంటే నెలలు పడుతుంది, ఇతడికి ఉన్నవి మూడు రోజులు. దానికి మాంత్రికుడు చేసిన ఏర్పాటు మండపం మూల ఇనపబోనులో ఉంది. అది అగ్గిశ్వాస విడిచే కొండచిలువ. బల్లెంతో పొడిస్తే బుస కొడుతుంది, ఆ వేడికి పూత ఆరుతుంది. కర్పూరతైలానికి ఒక్క నిప్పురవ్వ తగిలితే మాత్రం పటమూ కోటా కలిసి దీపావళే.

రెండోనాడు పగలు బకదంతుడు గుమ్మడికాయ పులుసు ధ్యానంలో పడి బల్లెం కాస్త గట్టిగా పొడిచాడు. బోను చువ్వ ఫట్‌మని ఊడింది. కొండచిలువ సరసరా బయటికి పాకి, ముందు బకదంతుడి నడుమును మూడు చుట్లు చుట్టి, నిప్పు విడవడానికి నోరు తెరిచి లోపలికి ఊపిరి పీల్చింది. పింగళుడు వంగిన నడుము సంగతి మరిచి ఎగిరి దూకాడు. చేతికందిన జేగురుపొడి గిన్నె దాని ముక్కుల మీద బోర్లించాడు. అంతే! హాచ్చి! ఆ చిలువ తుమ్మిన తుమ్ములు పదకొండు. తుమ్ముకో వేడిగాలి కొత్తపటం మీద వీచి, వేసిన పూతలన్నీ పెళపెళా ఆరిపోయాయి. పదకొండో తుమ్ముకు చిలువ నీరసించి తనంతట తానే బోనులోకి పాకింది. పింగళుడు దానికీ ఒక దణ్ణం పెట్టాడు. రెండు రోజుల పని మిగిల్చిన ప్రాణి!

తల ఎత్తేసరికి బకదంతుడు గుడ్లప్పగించి చూస్తున్నాడు. గడ్డం సగం ఊడి పింగళుడి చెవికి వేలాడుతోంది.

"మా దీవిలో అంతే నాయనా," అన్నాడు పింగళుడు గొంతు వణికించి. "ఏడాదికోసారి పాతది రాలి కొత్తది వస్తుంది."

బకదంతుడు తన తోటకూర కాడలాంటి మీసం తడుముకున్నాడు. "చూడు తాతా, నాకు బుర్ర తక్కువని మా అమ్మే అనేది. మరీ అంత తక్కువేం కాదు. అయినా నా పానం నిలబెట్టావు. నీ గడ్డం నేను చూళ్లేదు, సరేనా? అతికించుకో."

మూడోనాడు తెల్లవారేసరికి ఎనభైమూడు రూపాలు కొత్తగుడ్డ మీదికి వచ్చేశాయి. మిగిలినవి రెండు. వాటిలో ఒకటి కేతకమ్మ అని పింగళుడు అప్పటికే పట్టేశాడు. పట్టించింది ముఖం కాదు, ఆకు. రంగులు నూరేవాళ్లు ఎక్కడ భోజనానికి కూర్చున్నా తొలిముద్ద తినరు. తమకు అన్నం పెట్టే కల్వం రాయికని ఆకు అంచున విడిగా పెడతారు. కల్వం ముద్ద అంటారు దాన్ని. కేతకమ్మ రాజుగారి విందులో కూడా పెట్టేది. ఇంత పెద్ద బంతిలో కల్వం ముద్ద ఉన్న ఆకులు రెండే. ఒకటి మూడో వరసలో, కొండంత అన్నం ముందేసుకుని కూర్చున్న బుర్రమీసాల మల్లుడిది. రెండోది స్తంభం పక్కన ఒదిగి కూర్చున్న బక్కపలచని కుర్రవాడిది. పటం మాయ రూపం మార్చగలిగింది గాని నలభై ఏళ్ల అలవాటును మార్చలేకపోయింది.

ఇద్దరిలో పిన్ని ఎవరు? ఆ కుర్రవాడు ఎప్పుడూ పటంలో ఉన్నవాడే గాని, పటం మాయ బందీకి పాతవాడి రూపం తొడిగి, పాతవాణ్ణి కొత్త రూపంలోకి నెట్టి ఉండవచ్చు. పొరపాటు పడితే రెండోసారి లేదు.

కుర్రవాడు ఎడమచేత్తో తింటున్నాడు. నూరేళ్లుగా జనం ఈ తప్పు చూసి, "అంత గొప్పవాడూ అక్కడ కునికాడు" అని నవ్వుకునేవారు. నకలు తీసినవాళ్లందరూ పాపం పోతుందని ఆ ముద్దను కుడిచేతిలోకి మార్చేసేవారు. పింగళుడు చూసిన నకళ్లన్నిటిలో కుర్రవాడు బుద్ధిగా కుడిచేత్తోనే తింటాడు. ఇప్పుడు అసలు పటాన్ని గీత గీతగా చూస్తుంటే అతడి కుంచె ఆగిపోయింది. చెయ్యి ఒక్కటే కాదు, కుర్రవాడి ఉత్తరీయం కూడా కుడిభుజం మీద ఉంది. కల్వం ముద్ద అందరూ పెట్టే ఎడమ అంచున కాక కుడి అంచున ఉంది. మనిషి మనిషంతా తిరగబడి ఉన్నాడు.

మనిషి అలా తిరగబడేది అద్దంలోనే. తామ్రపాదుడు అద్దం ముందు కూర్చుని తనను తానే వేసుకున్నాడు! కరవులో అన్నం తిని బతికిన ఆ రంగుల కుర్రవాణ్ణి, వయసొక్కటి తగ్గించి, మిగతాదంతా అద్దం ఎలా చూపితే అలా, దిద్దకుండా వేసి ఆ బంతిలో కూర్చోబెట్టాడు. పింగళుడి కళ్లు చెమ్మగిల్లాయి. "ఆచార్యా, నిన్ను ఎగతాళి చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, మన్నించు. నీ నిజమే నాకు దారి చూపింది" అని నేలకు నుదురు ఆనించాడు. కుర్రవాణ్ణి ఉన్నదున్నట్టు ఎడమచేత్తోనే వేశాడు. ఆ తరవాత, పిన్ని అని తేలిన మల్లుణ్ణి వేశాడు. బుర్రమీసాలు తిప్పుతుంటే అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. పిన్ని చూసుకుంటే ఏమంటుందో!

మిట్టమధ్యాహ్నం కాలజంఘుడు బంగారుగిన్నెలో అంజనంతో వచ్చాడు. గిన్నెలో ఉన్నవి రెండే చుక్కలు, ఒక్కో కంటికి ఒక్కోటి.

"తేలిందా?"

పింగళుడు నీళ్లు నమిలినట్టు నటించాడు. "నా ముసలి కళ్లకి సరిగా ఆనడం లేదు ప్రభూ. ఎవరో ఒకరు ఈ బంతిలో పద్ధతి తప్పి కూర్చున్నట్టు..."

మాంత్రికుడు కొత్తపటమంతా ఒకసారి కలియజూసి విరగబడి నవ్వాడు. "ఇంత తేలికా! ఎడమచేత్తో అన్నం తినే మనిషి ఎక్కడైనా ఉంటాడా? కంగారులో దాక్కున్న ఆడది ఏ చేత్తో తినాలో కూడా మరిచిపోయింది!" అంటూ కుంచె ముంచి, కుర్రవాడికి ఒక కన్ను తీర్చి, రెండోదాకా ఆగలేక, "ఇక్కడే ఉండిపో!" అని గర్జించాడు.

ఎవరూ ఉండిపోలేదు, ఎవరూ లేచిపోలేదు. బొమ్మ బొమ్మలాగే ఉంది. మాంత్రికుడు బిత్తరపోయి మళ్లీ గిన్నె వైపు చెయ్యి చాచేసరికి గిన్నె అక్కడ లేదు. పింగళుడు దాన్ని అందుకుని మూడో వరస ముందుకు దూకాడు. మిగిలింది ఒక్క చుక్క, తీర్చవలసినవి రెండు కళ్లు. ఒక్క వెంట్రుక ఉన్న కుంచె కొసతో ఆ చుక్కను ఆవగింజలో సగం, ఆవగింజలో సగం చేసి, మల్లుడి బుర్రమీసాల పైన రెండు కళ్లు తీర్చాడు. మాంత్రికుడు నోరు తెరిచేలోగా గట్టిగా పిలిచాడు.

"పిన్నీ!"

మల్లుడి మీసాలు రాలిపోయాయి, కండలు కరిగిపోయాయి. తడిరంగులోంచి సన్నగా, పొట్టిగా, కొంగుకు పసుపు మరకలతో కేతకమ్మ బయటికి అడుగు పెట్టింది. పెట్టిన మొదటి అడుగులోనే పింగళుడి బుగ్గలు రెండు చేతులా పట్టుకుని, "ఎంత చిక్కిపోయావురా! ఈ మేకబొచ్చు ఏమిట్రా ముఖానికి?" అంది. గడ్డం పీకేసింది. పింగళుడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడు నెలల తరవాత ప్రాణం ప్రాణంలో పడింది.

"చంపండి!" అని కాలజంఘుడు కేక పెట్టాడు. ఆమె చూపు తగిలిన చోటల్లా అతడి వేషం పెచ్చులూడి రాలుతోంది. నాలుగు గుమ్మాల్లోంచీ భటులు పొలోమని వచ్చిపడ్డారు. బకదంతుడు గద ఎత్తి, పింగళుణ్ణి ఒకసారి చూసి, మహా బలంగా పక్కనున్న స్తంభాన్ని కొట్టాడు. స్తంభం విరిగి భటులకు అడ్డంగా పడింది. "అయ్యో, గురి తప్పింది ప్రభూ!" అన్నాడు గట్టిగా. "వెళ్లు తాతా," అన్నాడు మెల్లిగా.

వెళ్లడానికి దారి ఏది? కేతకమ్మ తూర్పుగోడ చూపించింది. "అంజనం ఆరేదాకా పాతపటం కూడా తెరిచే ఉంటుంది. లోపల పెద్ద స్తంభం వెనక ఒక తలుపుందిరా. మన ఊరి అన్నశాలలోకి పోతుంది. నాకు బంధం ఉన్నన్నాళ్లూ అది గోడే. ఇప్పుడు తలుపు. పద!"

ఇద్దరూ చేతులు పట్టుకుని పటంలోకి దూకారు.

వెచ్చగా, నేతివాసనగా ఉంది లోపల. చుట్టూ చప్పుడే చప్పుడు. గరిటెల మోత, పిల్లల గోల, "పులుసు, పులుసు" అని కేకలు. పటం లోపల పటంవాళ్లే నిజం. వడ్డనవాడు ఒకడు పింగళుడి భుజం తట్టి, "నిలబడ్డావేం బాబూ? ఆకు వేశాం, కూర్చో" అన్నాడు. నర్తకి జరిగి చోటిచ్చింది. కేతకమ్మ వాళ్లను చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడు నెలలు నన్ను ఎవరివని అడక్కుండా అన్నం పెట్టారురా వీళ్లు. ఒక్కపూట తప్పలేదు."

స్తంభం పక్కన బక్కపలచని కుర్రవాడు తల ఎత్తి, "నా ఎడమచేతిని దిద్దకుండా వదిలేసింది నువ్వేనా నాయనా?" అన్నాడు. పింగళుడు అతడి పాదాలు తాకాడు.

అప్పుడు పొగ వచ్చింది. పొయ్యి వైపు నుంచి కాదు, పైనుంచి. అవతల కాలజంఘుడు పటానికి దివిటీ అంటించాడు. నూరేళ్లు అవిసె నూనె తాగిన గుడ్డ. అన్నశాల కప్పు మీద రంగు నల్లగా పొంగి, బొబ్బలెత్తి, మండుతున్న నూనె చుక్కలు చుక్కలుగా ఆకుల్లో పడుతోంది. తింటున్న చేతులు ఆగిపోయాయి. ఎనభైనలుగురూ అర్థంకాక పైకి చూస్తున్నారు.

"తలుపు అదిగో! పరిగెత్తు!" అంది కేతకమ్మ.

పింగళుడు కదల్లేదు. "మూడు రోజులు ఎవరి ముందు చేతులు జోడిస్తే వాళ్లు తమ రూపం ఇచ్చారు పిన్నీ. ఒక్కరు కూడా ముఖం చాటెయ్యలేదు. నిన్ను తిరిగి ఇచ్చింది వీళ్లే. వీళ్లను కాలిపోనిచ్చి నేను రాను."

ఆ తలుపులోంచి పటం మనుషులు దాటగలరో లేదో ఆమెకూ తెలియదు. కొడుకును ఒక్క క్షణం చూసి, కొంగు నడుముకు బిగించింది. "అయితే పసివాళ్లను ముందు ఎత్తుకో. ముసలివాళ్లను నేను లేపుతాను."

పైన ఫెళఫెళమని చప్పుడైంది. నిప్పంటుకున్న దూలం ఒకటి ఊడి, సరిగ్గా ఆ తలుపుకు అడ్డంగా పడి భగ్గుమంది. పింగళుడు కాళ్లకు అడ్డంపడిన పిల్లను భుజానికి ఎత్తుకుని, నీళ్ల గుండిగలో ముంచిన ఉత్తరీయం నెత్తిన కప్పుకుని, ఆ దూలం వైపు నడిచాడు.